పెద్దల సంరక్షణ: మారాల్సింది కొలువే

మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకోవడానికి మనిషి దొరకడం లేదన్న మాట ఇప్పుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు దాటి గుంటూరు, ఏలూరు, కరీంనగర్ దాకా పాకింది. దొరికినా నెల తిరక్కుండానే మానేస్తున్నారన్నది దాని వెంటే వచ్చే రెండో మాట. దీనికి ఏజెన్సీలు, ప్రభుత్వాలు, కుటుంబాలు చెప్పే మందు ఒక్కటే: ఇంకొంతమందికి శిక్షణ ఇద్దాం, ఇంకొంతమందిని రప్పిద్దాం. శిక్షణ కావాల్సిందే, కాదనను. కానీ పిలిచినా మనుషులు రావడం లేదంటే, వచ్చినవాళ్లు నిలవడం లేదంటే ముందు చూడాల్సింది వాళ్ల చేత చేయిస్తున్న ఉద్యోగాన్ని. ఇవాళ ఉన్న తీరులో అది ఎవరూ పదేళ్లు ఓర్చుకుని చేయగల ఉద్యోగం కాదు. ఓర్చుకుని చేసినా పెద్దవాళ్లకు అసలు కావాల్సింది అందులోంచి అందదు. అందుకే కొత్త మనుషుల్ని వెతకడంతో పాటు, అంతకంటే ముందుగా, ఆ కొలువునే కొత్తగా మలచాలి.

అవసరం ఎంతటిదో ముందు చూద్దాం. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో అరవై దాటినవాళ్లు దాదాపు 10.4 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2050 నాటికి వాళ్లు 34.7 కోట్లవుతారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. వయసు పెరగడమే సమస్య కాదు, అరవైల్లో చాలామంది తమ పని తాము చేసుకుంటూ మనవళ్లనూ చూసుకుంటున్నారు. సమస్య ఆ తర్వాతి దశలో వస్తుంది. 2017-18లో దేశమంతటా జరిగిన వృద్ధుల ఆరోగ్య సర్వేలో అరవై దాటినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం దిగడం, మరుగుదొడ్డికి వెళ్లడం లాంటి పనుల్లో కనీసం ఒక్కదానికైనా ఇబ్బంది పడుతున్నట్టు తేలింది. ఇటు చూస్తే ఒక తరం నిలబడాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు పుట్టాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సగటు 1.7, తెలంగాణలో 1.8. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేయడం వెనక ఉన్న బెంగ ఇదే. అయితే ఆ బెంగతో ఇప్పుడు జననాలు పెరిగినా, ఈ ఏడాది పుట్టిన బిడ్డ చేతికి అందివచ్చేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పడుతుంది. మంచాన ఉన్నవాళ్లు అంతవరకూ ఆగలేరు.

ఇన్నాళ్లూ ఈ పని జరగలేదా అంటే జరిగింది. కోడళ్లు చేశారు, కూతుళ్లు చేశారు, భర్తను చూసుకుంటూ భార్యలు చేశారు. జీతం లేదు, సెలవు లేదు, లెక్కలో చేరిందీ లేదు. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నట్టు తేలింది, మగవాళ్లు 97 నిమిషాలు. ఈ ఏర్పాటు ఇప్పుడు కదిలిపోతోంది. పిల్లలు ఇద్దరికి తగ్గారు, ఒకరు డాలస్‌లో, ఒకరు బెంగళూరులో ఉంటున్నారు. కోడలూ ఉద్యోగానికి వెళుతోంది. ఇంకోపక్క గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వేలాది ఆడవాళ్లు కువైట్ వెళ్లి అక్కడి ఇళ్లలో పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకుంటున్నారు. వాళ్ల సొంత ఊళ్లో వాళ్ల అమ్మను చూసేది ఎవరన్న ప్రశ్న ఎవరి లెక్కలోనూ లేదు. పిల్లలకు మనసు గట్టిపడిందని తేలిగ్గా అనేస్తుంటారు గానీ, చాలా ఇళ్లలో తగ్గింది ప్రేమ కాదు, చేతులు.

ఆ చేతుల స్థానంలో వచ్చిన ఆయా ఉద్యోగం ఎలా ఉంది? పన్నెండు గంటల డ్యూటీ, లేదంటే ఇరవై నాలుగు గంటలూ అక్కడే. కుటుంబం కట్టే డబ్బులో కొంత ఏజెన్సీ కమిషన్‌గా పోతుంది. రాతకోతలేమీ ఉండవు. వారానికి ఒక రోజు సెలవన్నది ఇంటివాళ్ల దయ. రాత్రి మూడుసార్లు లేచినా పొద్దున వంటగదిలో ఓ చేయి వేయమంటారు. నచ్చకపోతే రేపటి నుంచి రావద్దంటారు. ఇంటి పనివాళ్ల హక్కుల కోసం దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టమే లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఎత్తిచూపి, ఆ సంగతి పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. ఇవన్నీ అందరికీ తెలిసిన కష్టాలే. అంతగా కంటికి కనబడని లోపం ఇంకొకటుంది. ఆ మనిషికి అప్పగించేది పనుల చిట్టా మాత్రమే: డైపర్ మార్చు, గంజి తాగించు, మాత్రలు వెయ్యి. పడుకున్న మనిషి పరిస్థితి ఏమిటో, దేనికి భయపడాలో, ఏదైనా తేడా కనబడితే ఎవరికి చెప్పాలో ఎవరూ చెప్పరు.

ఆ లోపం విలువ ఎంతో తెలియాలంటే ఒక్క పనిని దగ్గరగా చూడాలి. పక్షవాతంతో మంచాన ఉన్న పెద్దాయనకు పొద్దున్నే తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తున్నారనుకుందాం. పక్కకు ఒత్తిగిలించగానే నడుము అడుగున, వెన్నుపూస ముగిసే ఎముక దగ్గర చిన్న ఎర్రమచ్చ కనిపిస్తుంది. అక్కడ వేలితో నొక్కి వదిలితే ఆరోగ్యమైన చర్మం ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ రంగు తేలుతుంది. నొక్కినా తెల్లబడలేదంటే లోపల దెబ్బ తగిలినట్టే, ఒత్తిడి పుండు మొదలైనట్టే. నల్లని చర్మం మీద ఆ ఎరుపు సరిగా కనబడదు కాబట్టి చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. ఆ పూటే గుర్తించి, ఆ చోట బరువు పడకుండా సర్ది, రెండు గంటలకోసారి పక్క మారుస్తూ, తడి లేకుండా ఉంచితే చాలాసార్లు అది అక్కడితో తగ్గిపోతుంది. కొన్నాళ్లు ఎవరూ చూడకపోతే చర్మం తెగి, కండలోకి దిగి, ఎముక దాకా పోతుంది. అక్కడి నుంచి చీము, జ్వరం, ఆసుపత్రి. ఒళ్లు తుడవడం, చర్మాన్ని చదవడం రెండూ ఒకే చేతి పనులు. మనం జీతం ఇస్తున్నది మాత్రం మొదటిదానికే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నిన్నటి దాకా బాగానే మాట్లాడిన ముసలామె రాత్రికి రాత్రి ఎవరినీ గుర్తుపట్టకుండా కలవరిస్తుంటే అది వయసు పైబడటం కాకపోవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. పాదాలు వాచి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందంటే గుండె సంగతి చూడాలి. ముద్ద మింగిన ప్రతిసారీ దగ్గు వస్తోందంటే తిండి ఊపిరితిత్తుల్లోకి జారుతుండొచ్చు. వీటిని అందరికంటే ముందు చూసేది డాక్టరు కాదు, కొడుకూ కాదు, పూటపూటా పక్కన ఉండే మనిషి. ఆ చూపును ఉద్యోగానికి నడుమ నిలపడం, ఆ చూపు వెనక ఒక నర్సునూ ఒక ఫోన్ నంబరునూ నిలబెట్టడం, నేనంటున్న కొత్త మలుపులో మొదటి మెట్టు.

పనిని ముక్కలు చేసి కొలిస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. అక్కడ ఇళ్లకు వెళ్లి చేసే సంరక్షణను స్థానిక కౌన్సిళ్లు ప్రైవేటు కంపెనీల నుంచి నిమిషాల లెక్కన కొంటాయి. పదిహేను నిమిషాల సందర్శన అక్కడ ఏళ్ల తరబడి వివాదం. ఆ పావుగంటలో పెద్దావిడను లేపి, కడిగి, టీ ఇచ్చి, రిజిస్టరు రాసి పరుగెత్తాలి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయానికి చాలాచోట్ల జీతం ఉండదు. అరగంటకు తగ్గిన సందర్శనలు మామూలు పద్ధతి కాకూడదని ఆ దేశపు ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021-22 నాటికి ఇంగ్లండ్‌లో పెద్దల సంరక్షణ రంగంలో ప్రతి పది ఉద్యోగాల్లో ఒకటికి పైగా ఖాళీ, మొత్తం లక్షా అరవై వేల పైచిలుకు. ఉద్యోగం తీరు మార్చడానికి బదులు 2022 ఫిబ్రవరిలో విదేశీయులకు కేర్ వర్కర్ వీసా తలుపు తెరిచారు. భారత్ నుంచి కూడా వేలమంది వెళ్లారు. దళారులకు లక్షలు కట్టి వెళ్లాక చెప్పినన్ని గంటల పని దొరక్క నలిగిపోయినవాళ్ల కథలు అక్కడి పత్రికల నిండా వచ్చాయి. 2025 జులైలో ఆ తలుపు మూసేశారు. మనుషుల్ని మార్చి చూశారు, కొలువును అలాగే ఉంచారు. ఫలితం ఇది.

నెదర్లాండ్స్‌లో కొందరు నర్సులు దీనికి ఎదురు దారి పట్టారు. అక్కడా అప్పటికి ఇంటి సంరక్షణను రకరకాల సేవలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో రేటు కట్టి, ఇంజెక్షన్‌కు ఒకరు, స్నానానికి ఒకరు, కట్టు మార్చడానికి ఒకరు వచ్చేవాళ్లు. యోస్ డి బ్లోక్ అనే నర్సు 2006లో బ్యూర్ట్‌జోర్గ్ అనే సంస్థను మొదలుపెట్టాడు. పద్ధతి చాలా మామూలుది. ఒక పేటకు పన్నెండు మందికి మించని నర్సుల బృందం. ఆ పేటలో ఎవరిని చూడాలో, ఎప్పుడు వెళ్లాలో, ఎంతసేపు ఉండాలో, కొత్తవాళ్లను ఎవరిని చేర్చుకోవాలో బృందమే నిర్ణయించుకుంటుంది. పైన మేనేజర్ల వరస ఉండదు, సలహా చెప్పే కోచ్‌లు ఉంటారు. కట్టు మార్చే మనిషే కాఫీ తాగుతూ మాట్లాడుతుంది, పొరుగింటివాళ్లను కలుపుతుంది, మెట్లెక్కడం మళ్లీ ఎలా నేర్పాలో చూస్తుంది. మనిషి తన పని తాను చేసుకునే స్థితికి వచ్చి తన అవసరం తగ్గిపోవడమే ఆ నర్సుకు గెలుపు. నలుగురితో మొదలైన ఆ సంస్థలో పదిహేనేళ్లు తిరిగేసరికి దాదాపు పదివేల మంది చేరారు. దేశంలో ఉత్తమ యాజమాన్యంగా ఒకటికి రెండుసార్లు ఎంపికైంది. అనుమతించిన గంటల కంటే బాగా తక్కువ గంటల్లోనే వాళ్లు పని ముగిస్తున్నారని తొలి ఏళ్ల పరిశీలనలో తేలింది.

ఇక్కడే ఒక నిజాన్ని దాచకుండా చెప్పాలి. 2015లో వచ్చిన మరో పరిశీలన ఆసుపత్రి, డాక్టరు, నర్సింగ్ హోమ్ ఖర్చులన్నీ కలిపి చూసింది. ఇంటి సంరక్షణ ఖర్చు తక్కువగానే ఉన్నా, మొత్తం మీద బ్యూర్ట్‌జోర్గ్ రోగి ఖర్చు మిగతావాళ్లతో దాదాపు సమానంగానే ఉందని తేల్చింది. కాబట్టి కొలువును మారిస్తే ఖజానాకు బోలెడంత మిగులుతుందని నేను చెప్పను, ఆ ఆశ చూపి ఈ మార్పును అమ్మకూడదు కూడా. దాదాపు అదే ఖర్చుకు పెద్దవాళ్లకు తెలిసిన ముఖం, ఉద్యోగికి గౌరవం, నిలకడ దక్కితే అది చాలు. ఇంకో అభ్యంతరం కూడా సబబైనదే: అక్కడ వెళ్లేది చదువుకున్న నర్సులు, ఇక్కడ పదో తరగతి దాటని ఆయా, ఇద్దరికీ ఒకే స్వేచ్ఛ ఎలా ఇస్తాం? ఒకేలా ఇవ్వనక్కర్లేదు. మందు మార్చే అధికారం ఆమెకు వద్దు. కానీ పుండు మొదలైందని చెప్పి నర్సును పిలిపించే అధికారం, స్నానం పొద్దున చేయించాలా సాయంత్రమా అని ఆ పెద్దావిడతో కలిసి నిర్ణయించే అధికారం, ఒంటరిగా లేపితే ఇద్దరం పడతామని చెప్పి సాయం అడిగే అధికారం ఇవ్వడానికి పెద్ద చదువులు అడ్డురావు.

చదువు, పైకెళ్లే మెట్లు ఎలా కట్టాలో జపాన్ దగ్గర నేర్చుకోవచ్చు. అక్కడ 1987లోనే సంరక్షణ ఉద్యోగానికి చట్టంతో జాతీయ అర్హత పెట్టారు. 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా వచ్చింది. నలభై దాటిన ప్రతివారూ చందా కడతారు. వాడుకున్నవాళ్లు తమ వాటాగా సాధారణంగా పదో వంతు భరించగా, మిగిలిన దాంట్లో సగం చందాల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. ఎవరికి ఎంత సాయం కావాలో ఏడు స్థాయిలుగా అంచనా వేస్తారు. ఏ సేవ ఎప్పుడో అమర్చిపెట్టడానికి కేర్ మేనేజర్ అని ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉంటారు. ఇంత చేసినా 2040 నాటికి 27 లక్షల మంది కావాలని, ఇప్పుడున్నవాళ్లకు ఇంకో 5.7 లక్షల మంది కలిస్తే గానీ సరిపోరని ఆ దేశ ఆరోగ్య శాఖే 2024లో లెక్కగట్టింది. కారణాల్లో ముందుండేది జీతం. ఫీజులు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, జీతాలు మిగతా రంగాల సగటు కంటే వెనకే ఉన్నాయి. మెట్లు కట్టి, మెట్టు ఎక్కినవాళ్లకు డబ్బు పెంచకపోతే ఆ మెట్లు ఎవరూ ఎక్కరు. రోబోలు ఆ లోటు తీరుస్తాయన్న ఆశా తీరలేదు. మనిషిని ఎత్తే యంత్రాలు, బొమ్మ సీల్ లాంటి రోబోలు ఉన్న కేంద్రంలో ఉండి పరిశోధించిన జేమ్స్ రైట్, వాటిని తేవడం, సర్దడం, కనిపెట్టుకుని ఉండటం సిబ్బందికి అదనపు పని అయిందని తన పుస్తకంలో రాశాడు. నడుము విరగకుండా చేసే పరికరాలు మనకూ కావాలి, కానీ మనిషికి బదులుగా కాదు. మనకు ఇందులో ఇంకో సంబంధం కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా మన యువత జపనీస్ నేర్చుకుని ఈ ఉద్యోగాలకు సిద్ధమవుతోంది. అక్కడికి వెళ్లాలంటే భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష దాటాలి. అదే పిల్ల అదే పని ఇక్కడ చేస్తే ఆమెకు ఒక గుర్తింపు కార్డు కూడా ఉండదు.

మన దగ్గర పునాది లేదని అనుకోవద్దు. ఉంది, అయితే అది వేరే కాలానికి వేసింది. 2005లో వచ్చిన ఆశా వ్యవస్థలో వెయ్యి మందికి ఒక కార్యకర్త. ఆ పనిని గర్భిణి నమోదు, ఆసుపత్రి కాన్పు, టీకాల చుట్టూ అల్లారు, పనికింత అని ప్రోత్సాహకం కట్టారు. అప్పటి అవసరం అది, ఆ పని గొప్పగా చేశారు కూడా. కానీ కాన్పులు తగ్గి, మంచాలు నిండుతున్న రాష్ట్రాల్లో అదే అల్లిక ఇంకెన్నాళ్లు? ముప్పై దాటినవాళ్లకు ఆమె నింపే ఫారంలో పెద్దవాళ్ల గురించి కూడా ప్రశ్నలున్నాయి: నిలబడితే తూలుతున్నారా, రోజువారీ పనులకు ఎవరి సాయమైనా కావాలా అని. అవునని జవాబు వస్తే మర్నాడు ఆ ఇంటికి వెళ్లే మనిషి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా మొదటి తారీఖున సచివాలయ సిబ్బంది గడప దగ్గరికే వెళ్లి వృద్ధులకు నాలుగు వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు పదిహేను వేలు. అంటే ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో ప్రభుత్వానికి తెలుసు, డబ్బూ చేరుతోంది. ఆ డబ్బుతో పిలుచుకోవడానికి పని తెలిసిన మనిషి ఊళ్లో లేకపోవడమే లోటు.

కాబట్టి ఆశా మీద ఇంకో బరువు వేయమని నేను అడగడం లేదు, ఆమె నడుము ఇప్పటికే వంగిపోయింది. ప్రతి సచివాలయం పరిధిలో, ప్రతి బస్తీలో పెద్దల సంరక్షణకే ప్రత్యేకంగా నెల జీతం మీద ఇద్దరు ముగ్గురిని పెట్టాలి. కొన్ని ఇళ్లు వాళ్ల బాధ్యత. ఇంటింటికీ వెళ్లి స్నానం, పక్క మార్చడం, నడిపించడం చేస్తారు, ఆ ఇంటి కోడలికో భార్యకో అదే పని నడుం నొప్పి రాకుండా చేయడం నేర్పుతారు, వారానికి ఒక పూట ఆమెకు విశ్రాంతి ఇస్తారు. వెనక ఆరోగ్య కేంద్రం నర్సు ఉంటుంది. అనుభవం మీద పరీక్ష రాసి ఏఎన్ఎం, నర్సు చదువులకు వెళ్లే దారి ఉంటుంది. ఇది గాలిలో కట్టిన మేడ కాదు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం తెచ్చి పంచాయతీల స్థాయిలో ఇళ్లకు వెళ్లే నర్సులను నిలబెట్టింది. తెలంగాణలో ఆలన పేరుతో జిల్లా కేంద్రాల నుంచి బృందాలు ఇళ్లకు వెళ్లి, నయం కాని జబ్బులున్నవాళ్లను చూస్తున్నాయి. దాన్ని వృద్ధులందరి దాకా, ఊరి దాకా దించాలి.

ప్రభుత్వం ఇంత చేస్తే పిల్లలు తల్లిదండ్రుల్ని పూర్తిగా వదిలేస్తారన్న భయం చాలామందిలో ఉంది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లోనే వచ్చింది, ఆ బాధ్యత ఎక్కడికీ పోదు. రోజుకు గంట సాయం వచ్చే ఇంట్లో కోడలు అలసిపోకుండా ఉంటుంది, అత్తగారితో మాట్లాడే ఓపిక మిగులుతుంది. వదిలేయడం ఎక్కువగా జరిగేది ఏ సాయమూ లేక చేతులెత్తేసినప్పుడే. డబ్బు ఎక్కడిదంటే, డెబ్బై దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద ఏటా ఐదు లక్షల దాకా ఆసుపత్రి వైద్యానికి 2024 నుంచి కేంద్రం హామీ ఇచ్చింది. పుండు ముదిరి ఆసుపత్రిలో చేరితే డబ్బుంది, పుండు రాకుండా చూసే మనిషికి లేదు. ఈ వరస మార్చడానికి ముందు కావాల్సింది నిర్ణయం.

జీతంతో, మెట్లతో తీరని ముడి ఒకటుంది, అది కులం. మలమూత్రాలు ఎత్తే పనిని తరతరాలుగా కొన్ని కులాల మీద, అందులోనూ ఆడవాళ్ల మీద వేశాం. ఆయాను పెట్టుకునే ముందు కులం అడిగే ఇళ్లు, ఆమెకు వేరే గ్లాసు పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తండ్రిని చంటిబిడ్డలా ఎత్తి కడిగే మనిషికి ఆ ఇంట్లో కుర్చీ లేకపోతే ఏ శిక్షణ పత్రమూ ఆమెను అక్కడ నిలబెట్టదు. మగవాళ్లు కూడా ఈ పనిలోకి రావాలి. బరువైన మగ రోగిని లేపడానికి వాళ్ల అవసరం ఎలాగూ ఉంది, వాళ్లు వస్తే అది ఆడవాళ్ల పని, తక్కువ పని అన్న ముద్ర కూడా కొంత చెరుగుతుంది.

ప్రభుత్వాలు కదిలేదాకా ఆగకుండా, ఇప్పుడే ఇంట్లో ఆయాను పెట్టుకున్నవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. పని గంటలు, వారపు సెలవు కాగితం మీద రాసి ఇవ్వండి. వంట, గిన్నెలు ఆమె పనిలో కలపకండి. రోగి జబ్బేమిటో, దేనికి కంగారు పడాలో మొదటి రోజే డాక్టరు చేత చెప్పించండి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అన్నం తిన్నారా అని అడిగి పెట్టేయకుండా, ఇవాళ నాన్నలో ఏం తేడా గమనించావమ్మా అని ఆమెను అడగండి, చెప్పింది రాసుకోండి.